మార్చి నీళ్ళలో మా వియ్యంకుడుగారు

మా వియ్యంకుడుగారు పోయారు. ఫిబ్రవరిలో, ఆసుపత్రిలో, ఊపిరితిత్తులకు నిమ్ము చేరి పోయారు. మా అమ్మాయి ఫోనులో కబురు చెప్పేసరికి నేను ఆయన కోసమే మిరియాల చారు కాస్తున్నాను. పొయ్యి కట్టేసి, గిన్నె మీద మూత పెట్టాను.

ఆయన మా అమ్మాయికి మామగారు, మా అల్లుడికి తండ్రి. నాకు వరసకి అన్నయ్యగారు. నన్ను చెల్లెమ్మా అనేవారు. రెడ్‌మండ్‌లో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం, ఆయన కింది గదిలో, నేను పై గదిలో. కుర్రతనంలో చదువుకని ఈ దేశం వచ్చి, విమానాల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. మా అల్లుడు ఇక్కడే పుట్టాడు.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. ఉగాది సంచికకి ఆయన గురించి నాలుగు మాటలు రాసిమ్మని మన తెలుగువాళ్ళు దాన్ని అడిగారు. నువ్వు కాదు, నేను చెబుతానన్నాను. ఎందుకంటే ఆయనకి ప్రాణమైన నది మీద ఒక నింద పడింది. అది అబద్ధం. అబద్ధాన్ని విని ఊరుకునే అలవాటు నాకు లేదు.

ఆ నింద ఏమిటో ముందే చెబుతాను. పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర ఒకాయన పెరుగు వేయించుకుంటూ, "ఈ వయసులో మంచు నీళ్ళలో గంటలు గంటలు నిలబడితే మరేమవుతుంది?" అన్నాడు. పక్కవాళ్ళు తలలూపారు. మా అల్లుడూ ఊపాడు. మర్నాడు అతను తండ్రి చేపల రాడ్లనీ, రబ్బరు బూట్లనీ గరాజ్‌లో ఒక మూలకి చేర్చాడు. మాసికం కాగానే పాత సామాన్లు తీసుకునే చోట ఇచ్చేస్తానన్నాడు.

"అత్తయ్యా, ఈ హౌస్ నుంచి ఇంక ఎవరూ ఆ రివర్‌కి వెళ్ళరు. నువ్వు కూడా" అన్నాడు.

అతనికి 'మీరు' అనడం రాదు. దానికి నాకు కోపం లేదు. కానీ నాకు కారు నడపడం రాదు, రోడ్డు పక్క బోర్డులు చదవడం రాదు. అతనో మా అమ్మాయో తీసుకెళ్ళకపోతే ఆ నది నాకు చంద్రమండలమంత దూరం. మార్చి వచ్చేసింది. అందుకే ఈ వ్యాజ్యం.

నేను గుంటూరు పక్క మిరపచేలల్లో పెరిగినదాన్ని. మాకు నీళ్ళంటే కాలవ వంతు. దానికోసం తలలు పగలగొట్టుకునేవాళ్ళం. నీళ్ళలో పనీపాటా లేకుండా నిలబడే మనిషిని నేను ఆయన్ని చూసేదాకా ఎరగను.

నేను వచ్చిన మొదటి చలికాలం. ఈ ఊళ్ళో వాన కురవదు, కారుతుంది. పిల్లలు ఆఫీసులకి పోయాక ఇంట్లో మేమిద్దరమే మిగిలేవాళ్ళం, ఆయన కింద, నేను పైన. రోజుకి పది మాటలు కూడా ఉండేవి కావు. అప్పటికి వదినగారు, అంటే ఆయన భార్య, పోయి ఎంతో కాలం కాలేదు. ఆ రోజుల్లో పూజగదిలో కృష్ణుడి పటానికి గుచ్చిన నెమలిపింఛం వారం వారం పలచబడుతోంది. ఎలుకలేమో అనుకున్నాను. ఒక మధ్యాహ్నం తలుపు తీసేసరికి ఆయనే ఉన్నారు. కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టుకుని, చిన్న కత్తెరతో పింఛంలో పీచులు కత్తిరిస్తున్నారు.

"ఏంటన్నయ్యగారూ ఇది? దేవుడి సొమ్ముకి కత్తెరేస్తారా?"

"నాలుగు పీచులే చెల్లెమ్మా. కృష్ణుడికి ఇంకా బోలెడున్నాయి."

"ఎందుకంట మీకు?"

"చేపలకి."

"చేపలకి పింఛమా? పెళ్ళి చేస్తున్నారా వాటికి?"

ఆయన పెద్దగా నవ్వారు. ఆ రోజు మా అమ్మాయి ఇంటినుంచే పనిచేస్తోంది. ఏమైందోనని పైనుంచి పరుగెత్తుకొచ్చింది. వదినగారు పోయాక ఆయన నవ్వు ఆ ఇంట్లో ఎవరూ వినలేదట.

దొంగతనం పట్టుకున్నాను కాబట్టి సంగతి చూపించమన్నాను. కింది గదిలో కిటికీ పక్క బల్లకి ఒక పట్టకారు బిగించి ఉంది. దాని మూతిలో వడ్లగింజంత గాలం. దాని మీద నల్ల దారం చుట్టి, పింఛం పీచు చుట్టి, కోడి ఈక ముక్క కట్టారు. చూస్తుండగానే అది పురుగైపోయింది. చలి విరిగే రోజుల్లో నది అడుగున రాళ్ళ కింద బతికే పురుగులు గట్టుకి పాకుతాయట. ట్రౌట్ చేపలు వాటికోసం కాచుకుని ఉంటాయట. వీటిని ఇక్కడివాళ్ళు ఫ్లై అంటారు. నేను ఈకల పురుగు అన్నాను. తర్వాత ఆయన కూడా అలాగే అనేవారు.

"అంటే అబద్ధం చూపించి నిజం చేపని పడతారన్నమాట" అన్నాను.

"మన పెళ్ళిచూపులన్నీ అంతేగా చెల్లెమ్మా. మీ అమ్మాయికి వంట వచ్చని మీరు చెప్పలా?"

"మీ అబ్బాయికి తెలుగొచ్చని మీరు చెప్పలా?"

ఆ రోజు నుంచి నేను కిందికి దిగడం మొదలుపెట్టాను. పూలు కట్టే చేతులు కదా, ఇదెంత పని అనుకున్నాను. మల్లెపూల దండకి వేసే ముడితో ఈక బిగించి ఇచ్చాను. ఆయన దాన్ని వెలుగులో పెట్టి చూసి, బాగుందన్నారు. తర్వాత గోటితో ఒక్కసారి లాగారు. ఈక ఊడి ఆయన చేతికొచ్చింది.

"మీ ముడి దేవుడి మెళ్ళో వేసే దండది. దేవుడు లాగడు చెల్లెమ్మా, చేప లాగుతుంది" అన్నారు.

మళ్ళీ చూపించారు. నేను తప్పేదాన్ని, ఆయన మళ్ళీ చూపించేవారు. విసుక్కోని మగవాణ్ణి నా జన్మలో అప్పుడే చూశాను. మా ఆయన మంచివాడే, కానీ చెప్పిందే రెండోసారి చెప్పాల్సొస్తే పలుగు విసిరేసే రకం. వానలు తగ్గేసరికి నా పురుగులు నిలబడ్డాయి. ఆయన వాటిని డబ్బాలో వేరే వరసలో గుచ్చి, "ఇవి మా చెల్లెమ్మవి" అని ఇంటికొచ్చినవాళ్ళకి చూపించేవారు.

చేపలు పట్టాలంటే ఇక్కడ లైసెన్సు కావాలి. దుకాణానికి తీసుకెళ్ళారు. గల్లాలో కుర్రాడు కాగితం నా ముందుకి తోసి, కలం ఇచ్చి, సంతకం అన్నాడు. నాకు ముచ్చెమటలు పోశాయి. ఈమెకి చదువు రాదు అని చెప్పగానే ఎదుటివాళ్ళ మొహం ఎలా మారుతుందో నాకు తెలుసు, భాష తెలియకపోయినా తెలుసు. అన్నయ్యగారు ఆ మాట చెప్పలేదు. నా వైపు వంగి మెల్లిగా అన్నారు.

"మీకు వచ్చింది గీయండి. సంతకమంటే మీరు మళ్ళీ అలాగే గీయగలిగేది, అంతే."

నేను నాలుగు చుక్కలు పెట్టి, చిన్న ముగ్గు మెలిక తిప్పాను. కుర్రాడు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నైస్ అన్నాడు. నా పాస్‌పోర్టు మీద నా బొటనవేలుంది. ఆ లైసెన్సు మీద నేనున్నాను. ఆ తర్వాత ఏటా అదే ముగ్గు. ఆయన ఇచ్చినవాటిలో మొదటిది ఏదంటే నేను ఇదే చెబుతాను.

మా నది కనుమ దాటాక వస్తుంది. ఇవతల వాన, పైన మంచు, అవతల ఎండ. యాకిమా అంటారు దాన్ని. పొలం పనికి పోయేదాన్ని కాబట్టి మొదటిసారి నేను తెల్లారకముందే లేచి, పులిహోర కలిపి, చీర గోచీ పోసి కట్టుకుని కూర్చున్నాను. ఆయన తొమ్మిదికి లేచి పేపరు చదువుతున్నారు.

"పోదామా?"

"తొందరేముంది? మార్చి చేప మన పిల్లల్లాంటిది చెల్లెమ్మా. ఆదివారం లేటుగా లేస్తుంది. నీళ్ళకి ఎండ తగిలాకే దానికి ఆకలి."

పన్నెండు దాటాక దిగాం. గుండెల దాకా వచ్చే రబ్బరు ప్యాంటు నా చీర మీదుగానే తొడిగించారు. లోపల చీరంతా ఉండచుట్టుకుపోయి పత్తి కుక్కిన బోరెంలా ఉన్నాను. ఆయన నవ్వాపుకోవడానికి అటు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నారు. తుడిచిందే తుడిచారు.

నీళ్ళలో కాలు పెట్టగానే అరిచాను.

"అత్తగారి మాటల్లాంటివి ఈ నీళ్ళు. ముందు గుచ్చుకుంటాయి, తర్వాత అలవాటవుతాయి" అన్నారు.

"మా అత్తగారు మీకు తెలియదులెండి" అన్నాను.

రాడ్‌తో గాలం విసరడం మాటలతో చెప్పేది కాదు. వెనక్కి ఎత్తి, ఆగి, లైను, అంటే గాలం దారం, వెనకాల పూర్తిగా పరుచుకున్నాక ముందుకి విడవాలి. నాకు ఆగడం చేతకాదు. మొదటి ఏడంతా ఈకల పురుగు నా కొంగుకో, చెట్టుకో, ఒకసారి ఆయన టోపీకో తగులుకునేది. టోపీ గాల్లోకి లేచి నీళ్ళలో పడింది. ఆయన బట్టతల పట్టుకుని, "ఇవాళ్టి మొదటి చేప, పెద్దదే" అన్నారు. నాకు ఆగడం నేర్పడానికి ఆయన ఒకటే మాట అనేవారు. "వెనక్కి పోయింది వెనకే ఉంటుంది, దాన్ని పూర్తిగా పోనివ్వండి." చాలాకాలం అది లైను గురించే అనుకున్నాను. ఆయన కూడా లైను గురించే అని ఉంటారు. కానీ వాన పడుతున్న రోజుల్లో నా గదిలో ఒక్కదాన్నే కూర్చున్నప్పుడు నాకు ఎన్నోసార్లు పనికొచ్చింది.

రెండో ఏడు నాకు చేప పడింది. చేతిలో రాడ్ వంగి, ప్రాణమొచ్చినట్టు అదిరింది. ఒడ్డున లోతు లేనిచోటికి తెచ్చాక, "చెయ్యి తడుపుకోండి, పొడిచెయ్యి దానికి నిప్పు" అన్నారు ఆయన. తడిచేత్తో పట్టుకున్నాను. పక్కలకి కుంకుమ రాసినట్టు ఎర్రటి చార, ఒంటినిండా నువ్వుల చుక్కలు. నా నోట్లో నీళ్ళూరాయి, దాచడమెందుకు.

"అన్నయ్యగారూ, ఈ ఒక్కదాన్ని. పులుసు కూడా వద్దు. ఉప్పూ కారం రాసి వేపుడు."

"ఇక్కడ ఇంటికి తీసుకెళ్ళకూడదు, రూలు. రూలు లేకపోయినా నేను తీసుకెళ్ళను. తినేస్తే రేపు ఎవర్ని పలకరిస్తాం?"

తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి పట్టుకోమన్నారు. చేప కాసేపు నా అరచేతిలో ఊపిరి తీసుకుంది. తోకతో ఒక్క విదిలింపు, అంతే, నా మొహం మీద నీళ్ళు చల్లి పోయింది. నా బతుకులో చేతికి దొరికింది ఏదైనా వండాలి, లేకపోతే అమ్మాలి, లేకపోతే రేపటికి దాచాలి. ఏ అవసరమూ లేకుండా దొరికించుకుని, సంతోషపడి, వదిలేయడమనేది ఒకటుందని నాకు ఆయన చూపించారు. దానికి నేను రుణపడ్డాను.

మనవాళ్ళు అన్న మాటలు కూడా చెప్పాలి. ఒక పార్టీలో ఒకావిడ, "పిన్నిగారూ, తినకుండా చేపల్ని ఊరికే హింసపెట్టడం పాపం కాదూ?" అంది. ఆమె ప్లేటు నిండా రొయ్యల వేపుడుంది. "అవి నీ దగ్గరికి ఇష్టపడి వచ్చాయామ్మా?" అన్నాను. అన్నయ్యగారు మాత్రం ఎవరితోనూ వాదించేవారు కాదు. ఆవిడ మాట కొంత నిజమేనని ఇంటికొస్తూ కారులో ఒప్పుకున్నారు కూడా. అందుకే చేపకి గాయం పెద్దది కాకుండా గాలం కొసనుండే ఎదురుముల్లు నొక్కేస్తాననీ, అందుకే ఎండలు ముదిరి నీళ్ళు వేడెక్కాక మానేస్తాననీ, అయినా అది పూర్తి సమాధానం కాదనీ అన్నారు. తన వైపు తప్పున్నంతవరకూ ఒప్పుకుని, మిగతాది ఊరుకునే మనిషి. నేను ఊరుకునే మనిషిని కాను, అందుకే ఇంత చెబుతున్నాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆయన నదికి ఆఖరిసారి వెళ్ళింది పోయిన ఏడాది మార్చిలో. జబ్బుపడింది ఈ జనవరిలో, ఇంట్లో పుట్టినరోజు పార్టీ తర్వాత. అందరికీ దగ్గొచ్చింది. నాకూ వచ్చింది. మాకు తగ్గింది, ఆయనకి తగ్గలేదు. ఇదే నేను మా అల్లుడితో గరాజ్‌లో నిలబడి అన్నాను.

"బాబూ, మధ్యలో పది నెలలు నడిచాయి. నదికేం సంబంధం? ఆ లెక్కన కేకుదే ఎక్కువ తప్పు."

అతను నవ్వలేదు. రాడ్ల మూటకి తాడు బిగిస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"అత్తయ్యా, నీకు తెలీదు. చిన్నప్పుడు నా గేమ్స్ అన్నిటికీ అమ్మ వచ్చేది. ఎవ్రీ స్ప్రింగ్ నాన్న రివర్ దగ్గర. ఇప్పుడు నాన్న పోయాడు. ఇప్పుడు కూడా అందరూ నాతో రివర్ గురించే మాట్లాడుతున్నారు."

తగువు చలి గురించి కాదని నాకు అప్పుడు అర్థమైంది. దానికి నా దగ్గర జవాబుంది. అక్కడే చెప్పేదాన్ని. కానీ నేను మెత్తగా మొదలుపెట్టింది కూడా ఎదుటివాళ్ళకి తిట్టినట్టు వినబడుతుంది. అతను లోపలికి వెళ్ళిపోయాడు. అందుకే రాయిస్తున్నాను. కాగితం నా గొంతుతో అరవదు కదా.

పోయిన మార్చిలో ఆయనకి మోకాళ్ళు సహకరించలేదు. నీళ్ళలోకి దిగలేదు. గట్టున మడతకుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చుని, ఎక్కడ వేయాలో నాకు చెప్పారు. "ఆ రాయి వెనకాల, నురగ పక్కన, నెమ్మదిగా నీళ్ళున్నచోట." ఆ రోజు ఒక్క చేపా పడలేదు. నేను గట్టెక్కి, కాఫీ పోసిచ్చాను. ఆయన కప్పుతో వేళ్ళు కాచుకున్నారు. తర్వాత అన్నారు.

"వాడు చిన్నప్పుడు ఒక్కసారి తెచ్చాను చెల్లెమ్మా. చలికి ఏడ్చాడు. మళ్ళీ తేలేదు. ఏటా మార్చి వచ్చినప్పుడు అడుగుదామనుకునేవాణ్ణి. ఆటలున్నాయిలే, పరీక్షలున్నాయిలే అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి. అసలు సంగతి, వాడు రానంటాడేమోనని భయం. వాడి ఆట చూడ్డానికి నేను పోవాల్సింది. పోలేదు. ఇక్కడ నిలబడి వాడి గురించే ఆలోచించేవాణ్ణి. అది వాడికెలా తెలుస్తుంది?"

"ఇప్పుడడగండి. బతికే ఉన్నారుగా ఇద్దరూ" అన్నాను.

"వచ్చే మార్చికి అడుగుతా" అన్నారు.

ఇదీ సాక్ష్యం. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. నది ఆయన్ని తీసుకుపోలేదు. వదినగారు పోయాక ఇన్నేళ్ళు ఆయన్ని నిలబెట్టింది. పక్కన నన్ను కూడా నిలబెట్టింది. ఇక రాడ్ల సంగతి, నా సంగతి మా అల్లుడి ఇష్టం. ఈ ఇంట్లో తెలుగు చదవలేనివాళ్ళం ఇద్దరం, నేనూ అతనూ. కాబట్టి అచ్చుకి పంపేముందు మా అమ్మాయి ఇది అతనికి చదివి వినిపిస్తుంది.

అలా చెప్పి ఆపేశాను. మిగిలింది వారం తర్వాత చెబుతున్నాను.

భోజనాలయ్యాక మా అమ్మాయి చదివింది. అతను బల్ల మీద మోచేతులు పెట్టుకుని విన్నాడు. పత్తి బోరెం దగ్గర నవ్వాడు. మార్చి మాట దగ్గర చెయ్యెత్తి ఆపాడు.

"నాన్న అలా అన్నాడా?"

"అన్నారు."

"నువ్వు కలపలేదు కదా, అత్తయ్యా?"

"నాకు కలపడమొస్తే ఇంతకన్నా బాగా కలిపేదాన్ని బాబూ."

ఆ ముక్క మళ్ళీ చదవమన్నాడు. మా అమ్మాయి మళ్ళీ చదివింది. అతను లేచి, తన కంచం కడుక్కుని, వెళ్ళిపోయాడు. నేనూ ఊరుకున్నాను. అప్పటికి నాకు ఊరుకోవడం కొద్దిగా వచ్చింది.

శనివారం నా గది తలుపు కొట్టాడు. "అత్తయ్యా, రెడీయా? నాకు దారి తెలుసు" అన్నాడు.

కనుమ మీద రోడ్డుకి రెండువైపులా మంచు గోడలు. నది దగ్గర రాడ్ బిగించడం నాకే అప్పగించాడు. "నువ్వు గట్టునుండు బాబూ, రబ్బరు బూట్లు తెచ్చుకోలేదుగా" అని చెప్పి, చేతికర్ర పొడుచుకుంటూ నేను మోకాలి లోతుకి దిగాను. రాతి వెనకాల వేశాను, నురగ పక్కన వేశాను. చేపలు పలకలేదు. ఎండ బాగుంది. వేళ్ళు కొంకర్లు పోయాక, ఇంక పోదామని చెప్పడానికి వెనక్కి తిరిగాను.

అతను గట్టున లేడు. నా వెనకాలే ఉన్నాడు, పిక్కల లోతు నీళ్ళలో, వీధిలో తిరిగే తెల్ల బూట్లతోనే. ఎప్పుడు దిగాడో నాకు తెలియదు. అతనికీ తెలిసినట్టు లేదు. జలుబు చేస్తుందని అరవబోయి, నోరు మూసుకున్నాను. అతను అవతలి గట్టు వైపు చూస్తున్నాడు. అడుగు రాళ్ళు కనబడేంత తేట నీళ్ళలో అతని బూట్లు తెల్లగా మెరుస్తున్నాయి, వదులైన లేసులు నీటివాలుకి మెల్లగా ఊగుతున్నాయి.